కనిపెట్టుకొని ఉండటం
(ఆగమన కాలం, అంటే క్రిస్మస్‌కి ముందు వచ్చే నాలుగు ఆదివారాల కాలం. దాని మొదటి ఆదివారం, 2025 నవంబర్ 30 సాయంత్రం చేసిన ప్రసంగానికి అక్షరరూపం)

అందరికీ వందనాలు. ముందు వరసలు ఖాళీగానే ఉన్నాయి, ఎప్పటిలాగే. వెనక నిలబడ్డవాళ్ళు వచ్చి కూర్చోండి, నేనెవర్నీ లేపి ప్రశ్నలు అడగను. ఒక్కటే అడుగుతాను, దానికీ ఎవరూ చెయ్యెత్తక్కర్లేదు.

ఈ ఉదయం ఆరాధనలో చదివిన సువార్త భాగం గుర్తుందా?

పశువుల తొట్టి లేదు. గొర్రెల కాపరులు లేరు. నక్షత్రం లేదు. మత్తయి 24వ అధ్యాయం చదివారు. నోవహు దినాల్లో జనం తింటూ తాగుతూ పెళ్ళిళ్ళు చేసుకుంటూ ఉంటే జలప్రళయం వచ్చి అందర్నీ ఊడ్చుకుపోయింది. పొలంలో ఇద్దరుంటే ఒకణ్ణి తీసుకుపోతారు, ఒకణ్ణి వదిలేస్తారు. దొంగ ఏ జామున వస్తాడో ఇంటి యజమానికి తెలియదు. ఇదీ మనకు వినిపించింది. క్రిస్మస్ దగ్గర పడిందని సంతోషంగా గుడికి వస్తే దొంగ సంగతి చెప్పి పంపించారు! (నవ్వులు)

వచ్చే ఏడైనా మార్పు ఉంటుందనుకోకండి. ఏ ఆదివారం బైబిల్లో ఏ భాగం చదవాలో చెప్పే మూడేళ్ళ పఠన పట్టికను చాలా సంఘాలు పాటిస్తాయి. ఈ ఏడు మత్తయి, వచ్చే ఏడు మార్కు 13, ఆ పై ఏడు లూకా 21. ఆగమన కాలం మొదటి ఆదివారానికి మూడింట్లోనూ అంతం గురించే ఉంటుంది. పైగా పాశ్చాత్య సంప్రదాయంలో సంఘ సంవత్సరం ఈ ఆదివారంతోనే మొదలవుతుంది. అంటే మన అసలు సంవత్సరాది జనవరి 1 కాదు, ఇవాళ. ఆ రోజున శుభాకాంక్షలు చెప్పడం మానేసి, "మెలకువగా ఉండండి" అంటోంది సంఘం. ఆఖరి పేజీ ముందు చదివించి, తర్వాత మొదటి పేజీ తెరుస్తోంది.

ఇదెందుకో నాకు చాలాకాలం అర్థం కాలేదు. యౌవనంలో నేను ఈ నాలుగు వారాల్నీ క్రిస్మస్‌కి ముందున్న అరుగు లాగా చూసేవాణ్ణి. అరుగు మీద ఎవరైనా ఎంతసేపు కూర్చుంటారు? లోపలికి వెళ్ళడమే కదా పని. ఇవాళ నేను మాట్లాడబోయేది ఆ అరుగు గురించే.

ముందు మాట సంగతి చూద్దాం. లాటిన్‌లో 'అడ్వెంటుస్' అంటే రావడం, రాక. రోము చక్రవర్తి ఒక పట్టణానికి వచ్చినప్పుడు జరిపే స్వాగతాన్ని కూడా అదే మాటతో పిలిచేవాళ్ళు, ఆ మాట నాణేల మీద కూడా ముద్రించేవాళ్ళు. కొత్త నిబంధన గ్రీకులో 'పరూసియా' అనే మాట ఉంది, ప్రభువు మహిమతో తిరిగి రావడానికి వాడేది. లాటిన్‌లోకి తర్జుమా చేసినవాళ్ళు దాన్ని 'అడ్వెంటుస్' అనే అన్నారు. ఇప్పుడు మన తెలుగు చూడండి. మనం 'ఆగమనం' అంటే క్రిస్మస్ గుర్తొస్తుంది. 'రాకడ' అంటే రెండో రాకడ గుర్తొస్తుంది, బూర ధ్వని, మేఘాలు, అవన్నీ. ఒకటి సంతోషం, ఒకటి భయం. రెండు మాటలకూ అర్థం ఒక్కటే, మనమే వాటిని రెండు గదుల్లో పెట్టి మధ్యలో తలుపు మూసేశాం. ఉదయం చదివిన సువార్త ఆ తలుపే తీసింది.

చరిత్ర గురించి ఎక్కువ చెప్పను, ఆకలి వేళ. ఇది మొదట్లో పండగ కాలం కాదు, ఉపవాస కాలం. 581లో గాల్ దేశంలోని, అంటే ఇప్పటి ఫ్రాన్స్‌లోని, మాకోన్‌లో కూడిన సభ నవంబర్ 11 మొదలుకొని క్రిస్మస్ దాకా వారానికి మూడు రోజులు, సోమ బుధ శుక్రవారాలు, ఉపవాసం ఉండమంది. తూర్పు సంఘాల్లో నేటికీ క్రిస్మస్‌కి ముందు 40 రోజుల ఉపవాసం ఉంది. పశ్చిమాన అది క్రమంగా నాలుగు ఆదివారాలకు కుదురుకుంది. నవంబర్ 30కి అన్నిటికన్నా దగ్గరగా వచ్చే ఆదివారం మొదటిది. 2025లో సరిగ్గా 30వ తేదీనే వచ్చింది కాబట్టి ఈసారి మనకు 25 రోజులు. క్యాలెండరు ఎలా తిరిగినా 22కి తక్కువ కావు, 28కి మించవు. బల్ల మీద పరిచిన ఆ ఊదా రంగు వస్త్రం పాత ఉపవాసం మిగిల్చిన గుర్తు. రంగు ఉంది, ఉపవాసమే పోయింది. నేను కూడా ఉంటున్నానని చెప్పుకోలేను.

సరే, అసలు విషయానికి వద్దాం. 12వ శతాబ్దంలో ఫ్రాన్స్‌లోని క్లేర్వో మఠాధిపతి బెర్నార్డు ఆగమన కాలంలో తన సన్యాసులకు చేసిన ప్రసంగాల్లో ప్రభువు రాకలు రెండు కాదు, మూడు అన్నాడు. మొదటిది శరీరంతో, బలహీనతలో. చివరిది మహిమతో. ఆ రెండూ కంటికి కనబడేవే. వాటి మధ్యన ఒకటుంది, అది బయటికి కనబడదు, మనిషి లోపలికి వచ్చేది. మొదటి రాకకీ చివరి రాకకీ మధ్య దాన్ని ఒక దారిలాగా ఊహించుకున్నాడాయన.

ఈ మూడో సంగతి తెలిశాక నాకు ఆగమన కాలంతో తగవు తీరింది. ఎందుకంటే మొదటి రాక కోసం మనం నిజంగా ఎదురు చూడలేం. అది అయిపోయింది. యేసు పుట్టాడు. ఏటా ఇంకా పుట్టనట్టు నటించడం పిల్లల నాటకంలో బావుంటుంది. చివరి రాక విషయంలో మనం చేయగలిగిందీ తక్కువే, తేదీలు లెక్కగట్టినవాళ్ళంతా నవ్వులపాలయ్యారు. ఇక మిగిలింది మధ్యది. ఇవాళ, ఈ వారం, ఈ గుండెలోకి. దాన్ని అందుకోవడం ఎలా?

మన తెలుగు బైబిల్లో ఒక మాట ఉంది. రోజూ చదువుతాం కాబట్టి మనం గమనించం. 'కనిపెట్టడం.'

బయట ఎవరినైనా అడగండి, కనిపెట్టడం అంటే ఏమిటని. దాగి ఉన్నదాన్ని పసిగట్టడం, లేనిదాన్ని తయారుచేయడం అంటారు. దొంగను కనిపెట్టారు, మందు కనిపెట్టారు. బైబిలు తెరవండి. "యెహోవా కొరకు కనిపెట్టుకొని యుండుము", 27వ కీర్తన. కావలివారు ఉదయం కోసం కనిపెట్టడం కంటే ఎక్కువగా నా ప్రాణం ప్రభువు కోసం కనిపెడుతోందంటాడు 130వ కీర్తనకారుడు. ఇక్కడ దాని అర్థం ఎదురుచూడటం. మరి ఎదురుచూడటమూ, కనుక్కోవడమూ ఒక్క మాటలో ఎలా ఇమిడాయి? కావలివాణ్ణి అడగండి. రాత్రంతా గోడ మీద నిలబడ్డవాడు ఊరికే నిలబడడు. తూర్పున చీకటి ఒక్క వీసం పలచబడినా అందరికన్నా ముందు వాడికే తెలుస్తుంది. నిద్రపోయినవాడికి తెల్లవారిన తర్వాత తెల్లవారుతుంది. కావలివాడికి తెల్లవారక ముందే తెలుస్తుంది.

సుమెయోను అలాంటివాడు. లూకా ఆయన్ని పరిచయం చేస్తూ ఇశ్రాయేలు ఆదరణ కోసం "కనిపెట్టువాడు" అంటాడు. హోదా చెప్పలేదు, వయసు చెప్పలేదు. కళ్ళు కాయలు కాచేలా చూసిన మనిషి, అంతే. యెరూషలేము దేవాలయానికి రోజూ ఎంతమంది పసిబిడ్డల్ని తెచ్చి ఉంటారు? ఆ రోజు పసివాడైన యేసును తెచ్చిన మరియ, యోసేపులు పేద దంపతులు. ఎలా తెలుసంటే, గొర్రెపిల్ల అర్పించే స్తోమత లేనివాళ్ళకు ధర్మశాస్త్రం రెండు పక్షులు చాలంది. లూకా వాళ్ళ అర్పణగా చెప్పింది ఆ పక్షుల సంగతే. అంత రద్దీలో రెండు పక్షులు పట్టుకున్న ఒక జంట. మిగతా అందరి కళ్ళూ వాళ్ళను దాటిపోయాయి. ఇన్నేళ్ళూ కనిపెట్టిన కళ్ళు ఆగిపోయాయి. పక్కనే అన్న అనే ప్రవక్త్రి, ఎనభై నాలుగు అనే అంకె తప్ప ఆమె వయసు గురించి పండితులు ఇంకా వాదించుకుంటూనే ఉన్నారు, ఆమె కూడా చూసింది. చూసి ఊరుకుందా? విమోచన కోసం "కనిపెట్టుచున్న వారందరితో" చెప్పుకుంటూ తిరిగింది. అంటే వాళ్ళిద్దరే కాదు, అలాంటి మనుషులు ఊళ్ళో ఇంకా ఉన్నారు, ఒకరికొకరు తెలుసు కూడా. లూకా ఈ ఒక్క ముక్కతో ఒక చిన్న సంఘాన్నే చూపించేశాడు.

ఇప్పుడు కష్టమైన చోటికి వస్తాను. డిసెంబర్ 14, మూడో ఆదివారం. ఆ రోజు గులాబీ రంగు వస్త్రం, గులాబీ రంగు కొవ్వొత్తి. లాటిన్‌లో ఆ ఆదివారం పేరు 'గౌదేతే', సంతోషించండి అని. సరే, సంతోషిద్దామని కూర్చుంటే సువార్తలో ఏం చదువుతారో తెలుసా? జైలు. మత్తయి 11. బాప్తిస్మమిచ్చు యోహాను చెరసాలలో ఉన్నాడు. మృత సముద్రానికి తూర్పున ఉన్న మకెరస్ కోటలో అని ఆ శతాబ్దపు యూదు చరిత్రకారుడు జోసీఫస్ రాశాడు. ఎడారిలో గొంతెత్తి అరిచినవాడు, "ఇదిగో దేవుని గొర్రెపిల్ల" అని వేలెత్తి చూపించినవాడు, ఇప్పుడు శిష్యుల చేత కబురు పెడుతున్నాడు: "రాబోవువాడవు నీవేనా? మేము మరియొకని కొరకు కనిపెట్టవలెనా?"

చూశారా, మళ్ళీ అదే మాట.

ఈ ప్రశ్నను కొందరు బోధకులు యోహాను పరువు కాపాడటానికి మెత్తబరుస్తారు. ఆయనకు అనుమానం లేదు, శిష్యుల కోసం అడిగించాడంటారు. నేను ఒప్పుకోను. గొడ్డలి చెట్ల వేరున ఉంచబడి ఉందని చెప్పిన మనిషి ఆయన. గొడ్డలి పడలేదు. హేరోదు సింహాసనం మీదే ఉన్నాడు, తను జైల్లో ఉన్నాడు. అనుమానం రాకపోతేనే ఆశ్చర్యం. యేసు కూడా అవునని చెప్పలేదు, కాదనీ అనలేదు. మీరు విన్నవీ కన్నవీ వెళ్ళి చెప్పండన్నాడు. గుడ్డివాళ్ళు చూస్తున్నారు, కుంటివాళ్ళు నడుస్తున్నారు, పేదలకు సువార్త అందుతోంది. ఇవన్నీ యెషయా గ్రంథంలోని గుర్తులే. కానీ ఆ గ్రంథంలోనే 61వ అధ్యాయంలో చెరలో ఉన్నవారికి విడుదల అని కూడా ఉంది. యోహానుకు పంపిన జవాబులో ఆ ఒక్కటీ లేదు. ఆ తలుపు తెరుచుకోలేదు. చివరికి పళ్ళెంలో ఆయన తల వచ్చింది.

సంతోషించాల్సిన ఆదివారానికి ఈ భాగాన్ని ఏరి పెట్టినవాళ్ళు ఎవరోగానీ మనుషుల బాధ తెలిసినవాళ్ళు.

1943లో జర్మనీలో డీట్రిక్ బోన్‌హోఫర్ అనే పాస్టరు నాజీల చేతికి చిక్కి బెర్లిన్‌లోని టేగెల్ జైల్లో ఉన్నాడు. ఆ నవంబర్‌లో స్నేహితుడికి ఉత్తరం రాస్తూ ఈ గది ఆగమన కాలానికి సరిగ్గా సరిపోతుందన్నాడు. లోపల ఎదురుచూస్తాం, ఆశపడతాం, ఏదో ఒక పని చేసుకుంటాం. కానీ తలుపు గడియ బయట ఉంది, బయటి నుంచే ఎవరైనా తియ్యాలి. ఇది ఆయన మాటల సారాంశం. 1945 ఏప్రిల్ 9న ఆయన్ని ఉరితీశారు. ఆయనకీ జైలు తలుపు మనం అనుకునే విధంగా తెరుచుకోలేదు. ఈ కథలకు మంచి ముగింపు పెట్టి చెప్పే నేర్పు నాకు లేదు, పెట్టాలనీ లేదు.

మీలో కొందరు ఇలాంటి తలుపుల లోపలే ఉన్నారని నాకు తెలుసు. మంచం పట్టినవాళ్ళుంటారు. ఇల్లు వదిలిపోయి ఫోను చేయని బిడ్డలున్నవాళ్ళుంటారు. ఏళ్ళుగా ఒకే ప్రార్థన చేసి నోరు ఎండిపోయినవాళ్ళుంటారు. మనకో సామెత ఉంది, ఆలస్యం అమృతం విషం అని. హబక్కూకు ప్రవక్త దాన్ని తిరగేశాడు. ఆలస్యంగా వచ్చినా సరే, కనిపెట్టమన్నాడు. రెంటిలో ఏది నిజమో గదిలో ఉన్నవాడికి ఆ రాత్రి తెలియదు.

ఆగండి, నీళ్ళు తాగుతాను.

మా పెద్దమ్మాయి పుట్టిన రాత్రి సంగతి చెబుతాను. నేను ఆసుపత్రి వరండాలో ఇనుప కుర్చీలో కూర్చున్నాను. చేతిలో పుస్తకం ఉంది. తెల్లవారేసరికి పేజీ మారలేదు. ఎదురుగోడ మీద గడియారం, దాని పక్కన చేతులు కడుక్కోమనే బోర్డు. ఆ బోర్డు మీది అక్షరాలు ఎన్నో ఇప్పటికీ చెప్పగలను. తలుపు తెరుచుకున్నప్పుడల్లా లేచి నిలబడేవాణ్ణి. నాలుగోసారి నర్సమ్మ బయటికి వస్తే "ఇంకా ఎంతసేపమ్మా?" అన్నాను. ఆవిడ నిలబడను కూడా నిలబడలేదు. నడుస్తూనే, "మీకు టైమండీ, ఆవిడకి పని" అంది.

అంతే అంది. నేను మళ్ళీ కూర్చున్నాను. కానీ ఆ మాట నాలో ఉండిపోయింది. తలుపుకి ఇవతల ఒక నిరీక్షణ, అవతల ఒక నిరీక్షణ. నాది గడియారం చూసేది. లోపల నా భార్యది ఒళ్ళంతా పనిచేసేది. రెండూ ఒకే బిడ్డ కోసం.

'కను' అనే ధాతువు ఎంత పెద్దదో అప్పుడు తట్టింది. కనడం అంటే చూడటం. కనడం అంటే ప్రసవించడం. కల కనడమూ అదే మాట. ఆగమన కాలంలో మనకు ఎదురయ్యే మనుషుల్ని ఈ మూడింట్లో పెట్టి చూడండి. సుమెయోను కనులారా కన్నాడు. యోసేపు కల కన్నాడు, నాలుగో ఆదివారం ఆయనదే. మరియ బిడ్డను కన్నది. వేరే భాషల్లో మూడు క్రియలు కావాలేమో, మనకు ఒకటి చాలింది. పౌలు రోమీయులకు రాస్తూ సృష్టి తేరిచూస్తూ కనిపెడుతోందన్నాడు. మూడు వచనాలు దిగేసరికి అదే సృష్టి మూలుగుతూ ప్రసవవేదన పడుతోందన్నాడు. ఆయన రాసింది గ్రీకులో, తెలుగు ఆయనకేం తెలుసు? అయినా ఆ రెండూ అక్కడ పక్కపక్కనే ఉన్నాయి.

మరియ "నీ మాట చొప్పున నాకు జరుగును గాక" అన్న క్షణం నుంచి తొమ్మిది నెలలు. సంఘం ఆ లెక్క కచ్చితంగా వేసింది, దూత వర్తమానానికి మార్చి 25, జననానికి డిసెంబర్ 25. ఆ తొమ్మిది నెలలూ ఆమె ప్రభువు కోసం ఎదురుచూసిందా, ప్రభువుతో ఉందా? రెండూ. రాబోయేవాడు అప్పటికే లోపల ఉన్నాడు. బెర్నార్డు చెప్పిన మధ్య రాక నాకు ఎన్నో పుస్తకాల్లో అర్థం కానిది, ఆ వరండాలో అర్థమైంది.

ఇక నాలుగు కొవ్వొత్తులు నిలబెట్టిన ఈ చక్రం. మీ అందరి కళ్ళూ దాని మీదే ఉన్నాయి. ఈ ఆచారం మొదలైంది జర్మనీలోని హాంబర్గ్‌లో, 1839లో. యోహాన్ విఖెర్న్ అనే పాస్టరు దిక్కులేని పిల్లల కోసం ఒక ఆశ్రమం నడిపేవాడు. క్రిస్మస్ ఎప్పుడొస్తుందని పిల్లలు రోజూ ప్రాణం తీస్తుంటే బండి చక్రం ఒకటి తెచ్చి దాని మీద మామూలు రోజులకు చిన్న ఎర్ర కొవ్వొత్తులు, ఆదివారాలకు నాలుగు పెద్ద తెల్లవి నిలబెట్టాడట. రోజుకొకటి వెలిగించడం. గడియారం చూడటం రాని పిల్లలకు కాలం చూపించాడు. తర్వాత చిన్నవి పోయి నాలుగే మిగిలాయి.

నాలుగో ఆదివారం సాయంత్రం దగ్గరికి వచ్చి చూడండి. నాలుగూ ఒక ఎత్తులో ఉండవు. ఇవాళ వెలిగించేది అప్పటికి కుదించుకుపోయి ఉంటుంది, మైనం కారి పళ్ళెంలో గడ్డకట్టి ఉంటుంది. నాలుగోది నిటారుగా కొత్తగా ఉంటుంది. ఎక్కువకాలం కనిపెట్టినది ఎక్కువ కరిగిపోతుంది. కొందరు అందం కోసం పొట్టిదాన్ని తీసేసి కొత్తది పెడతారు. దయచేసి ఇక్కడ మాత్రం మార్చకండి.

చలికాలం, చీకటి, వెలుగు అని దీని గురించి చాలా కవిత్వం చెబుతుంటారు. భూగోళానికి దక్షిణాన ఉన్న క్రైస్తవులకు ఇది ఎండాకాలం, ఏడాదిలో అతి పెద్ద పగలు. వాళ్ళకూ ఆగమన కాలం ఇదే. అందుకని చీకటి బయట వాతావరణంలో లేదు, వదిలేయండి.

చివరిగా ఒకటి. డిసెంబర్ 17 నుంచి 23 దాకా సాయంకాల ప్రార్థనలో మరియ స్తోత్రగీతానికి ముందూ వెనకా పాడే ఏడు చిన్న పల్లవులున్నాయి. కనీసం 8వ శతాబ్దం నుంచి వాడుకలో ఉన్నవి. ఒక్కొక్కటీ ఒక్కో పేరుతో ప్రభువును పిలిచి 'రా' అంటుంది. జ్ఞానమా, ప్రభువా, యెష్షయి వేరా, దావీదు తాళపుచెవీ, ఉదయకాంతీ, జనముల రాజా, ఇమ్మానుయేలూ. నాలుగోది, డిసెంబర్ 20ది, చూడండి. దావీదు తాళపుచెవీ, రా, చెరసాలలో చీకటిలో కూర్చున్న బందీని బయటికి నడిపించు అని. యోహాను కబురు పెట్టిన వారంలోనే సంఘం ఇది పాడుతుంది. జవాబులో లేకుండా పోయిన ముక్క పాటలోకి వచ్చి చేరింది.

లాటిన్‌లో ఆ ఏడు పేర్ల మొదటి అక్షరాల్లో ఒక చమత్కారముంది. చివర్నుంచి వెనక్కి చదివితే 'ఏరో క్రాస్' అని వస్తుంది. రేపు ఉంటాను, అని. పిలుపులు ఏడూ మనవి, జవాబు వాటి లోపలే ఉంది. అయితే మొదటి రోజు అది ఎవరికీ కనబడదు. నాలుగో రోజు తాళపుచెవి కోసం అడిగినప్పుడూ కనబడదు. 23వ తేదీ రాత్రి ఏడోది కూడా పాడేసి, వెనక్కి తిరిగి చూసుకుంటే తప్ప.

ఇవాళ ఇంకా నవంబర్ 30. లైట్లు తీసేయండి బాబూ. మొదటి వత్తి చిన్నపిల్లలెవరైనా వచ్చి వెలిగిస్తారా?